నీతివాక్యామృతం

నీతివాక్యామృతం 10వ శతాబ్దపు జైనాచార్యుడు సోమదేవసూరి సంస్కృతంలో రచించిన రాజనీతి గ్రంథం. వేములవాడ చాళుక్యులు ఆయనను ఆదరించారు. నేటి నిజామాబాద్ జిల్లాలోని బోధన్ ఈ వంశపు తొలి రాజధాని. సోమదేవుడు తన యశస్తిలక చంపువును 959లో పూర్తిచేశాడు. వేములవాడలోని శుభధామ జినాలయ నిర్వహణకు చాళుక్య రాజు మూడవ అరికేసరి 966లో సోమదేవునికి గ్రామదానం చేసినట్లు పర్భణీ తామ్రశాసనం తెలుపుతుంది.

సూత్రశైలిలోని నీతివాక్యామృతంలో 32 సముద్దేశాలు (అధ్యాయాలు) ఉన్నాయి. ధర్మార్థకామాలతో మొదలై మంత్రి, దూత, చార, జనపద, దుర్గ, కోశాది విషయాలను వివరిస్తుంది. రాజు మంత్రులతో ఆలోచించి పాలించాలని, వ్యవసాయ, పశుపోషణ, వాణిజ్యాలను కాపాడాలని బోధిస్తుంది. పంట కోతల వేళ సేనను పొలాల మీదుగా నడిపితే కరువు వస్తుందని హెచ్చరిస్తుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం ప్రభావం ఇందులో స్పష్టం. రాజధర్మంపై స్పెయిన్ పండితుడు హువాన్ దె మరియానా 1599లో ప్రచురించిన గ్రంథం కన్నా ఇది ఆరు శతాబ్దాలకు పైగా ప్రాచీనం.