డబ్బా రంగు పురాణం

1975 జనవరి 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' పత్రిక ముఖచిత్రం మీద ఆల్టెయిర్ 8800 ఫొటో ఉంటుంది. మన వృత్తికి అది బారసాల ఫొటో లాంటిది. ఆ బొమ్మ చూసే పాల్ అలెన్ పత్రిక పట్టుకుని బిల్ గేట్స్ దగ్గరికి పరిగెత్తాడు, ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ పుట్టింది. ఈ కథ మనందరికీ తెలిసిందే. చాలామందికి తెలియనిదేంటంటే, ఆ ఫొటోలో ఉన్నది ఖాళీ డబ్బా! ఆల్బుకర్కీ నుంచి న్యూయార్క్ పంపిన అసలు నమూనా యంత్రం రవాణాలో పోయింది. పత్రిక గడువు ముంచుకొస్తోంది. చేసేదేముంది, ముందువైపు స్విచ్చులూ దీపాలూ బిగించిన ఉత్త రేకు పెట్టెని పంపి ఫొటో తీయించేశారు. బ్యాకెండ్ లేకుండా స్క్రీన్లు మాత్రం చూపించి క్లయింటుని ఒప్పించే మన డెమోల సంప్రదాయం ఎంత పాతదో చూడండి.

ప్రాసెసర్ల చరిత్ర రాసేవాళ్లున్నారు, ఆపరేటింగ్ సిస్టమ్‌ల చరిత్రకైతే లెక్కే లేదు. డబ్బాని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈమధ్య నా పాత డెస్క్‌టాప్ క్యాబినెట్ సైడు ప్యానెల్ మీద గీతలు పడితే రంగు వేయిద్దామని బయల్దేరాను. ఆ వంకన కాస్త తవ్వి చూస్తే, ఆ పలచటి పొర వెనక చట్టాలు, కెమిస్ట్రీ, జర్మన్ కమిటీలు, ఒక మనిషి మొండితనం - ఇంత కథ ఉందని తెలిసింది.

మొదట అన్నీ నలుపే. కుట్టుమిషన్లు, టైపురైటర్లు, ఫోర్డు కార్లు. దాన్ని 'జపాన్ బ్లాక్' అనేవారు. తారుజాతి పదార్థాన్ని నూనెలో కరిగించి పూసి, ఓవెన్లో కాల్చితే గాజులా గట్టిపడే పూత. 1914 నుంచి 1925 దాకా ఫోర్డు మోడల్-టీ నలుపులో మాత్రమే వచ్చిందంటే హెన్రీ ఫోర్డుకి నలుపంటే మోజు కాదు, ఆ పూత చవక, పైగా మన్నిక. ఒకే రంగు అయితే లైను ఆగదు. (ఈ 'లైను ఆగకపోవడం' అన్నది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.) తర్వాత ఆఫీసు యంత్రాల మీదకి ముడతల పెయింట్ వచ్చింది. ముసలివాళ్ల చర్మంలా కావాలనే ముడతలు పడేట్టు చేసిన రంగు. అందం కోసం అనుకుంటాం గానీ దాని అసలు సుగుణం వేరే. కింద రేకు నునుపుగా లేకపోయినా, వెల్డింగు మచ్చలున్నా కనబడవు. సాన పట్టే కూలీ మిగులుతుంది. మన కోడ్‌లో కూడా ముడతల పెయింట్ తక్కువేం లేదు లెండి.

కంప్యూటర్లకి రంగన్నది ఒక ఆలోచనగా వచ్చింది ఐబీఎమ్‌లోనే. చిన్న వాట్సన్ న్యూయార్క్‌లో ఒలివెట్టి షోరూమ్ చూసి, రంగురంగుల టైపురైటర్ల ముందు తన యంత్రాలు వెలవెలబోతున్నాయని 1956లో ఎలియట్ నోయెస్ అనే ఆర్కిటెక్టుని డిజైన్ సలహాదారుగా పెట్టుకున్నాడు. 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్/360ని కొనేవాళ్లు ప్యానెళ్లకి ఎరుపో, నీలమో ఎంచుకోవచ్చు. గదంత యంత్రం, అద్దాల వెనక పెట్టి సందర్శకులకి చూపించుకునే యంత్రం. పెళ్లిపందిరికి రంగు ఎంచుకున్నట్టే.

ఇళ్లలోకి, బల్లల మీదకి వచ్చేసరికి కథ మారింది. 1977లో వచ్చిన టీఆర్‌ఎస్-80 ప్లాస్టిక్ పెట్టె. అది నడుస్తుంటే పక్కనున్న రేడియోలు, టీవీలు గొంతు చించుకునేవి. కొందరు ఘటికులు పక్కన ఒక ఏఎమ్ రేడియో పెట్టి, లూపుల వేగం మార్చి, ఆ గోలనే ఆటలకి సంగీతంగా వాడుకున్నారు! అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 1979లో కంప్యూటర్ల రేడియో రొదకి కట్టుబాట్లు పెట్టింది. వాటిని తట్టుకోలేక మోడల్-1 తయారీ 1981 జనవరితో ఆగిపోయింది. ఆ ఆగస్టు 12న వచ్చిన ఐబీఎమ్ పీసీ మాత్రం ఉక్కు రేకు పెట్టెలో దిగింది. అంతకుముందు ఏడాది వచ్చిన ఆపిల్-3కి కింద పోత అల్యూమినియం ఉంది. అంటే మనం 'క్యాబినెట్' అని పిలిచే ఆ రేకు డబ్బా దుమ్ము పడకుండా పెట్టిన మూత మాత్రమే కాదు. ఫారడే పంజరం. లోపలి రొద లోపలే ఉండాలంటే రేకూ రేకూ తగిలేచోట లోహం లోహాన్నే తాకాలి. అక్కడ పెయింట్ పడితే పంజరానికి కంత పెట్టినట్టే. పాత డబ్బా విప్పినప్పుడు అంచుల్లో, మరల చుట్టూ రంగు లేకుండా మెరుస్తూ కనబడేది తయారీదారు పిసినారితనం కాదు, ఇంజనీరింగ్.

మరి ఆ లేతగోధుమ రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది? దీనికి అందరూ చెప్పే సమాధానం జర్మనీ. 1980 ప్రాంతంలో అక్కడ స్క్రీన్ల ముందు పనిచేసేవాళ్ల కళ్ల కోసం నిబంధనలు వచ్చాయి. తెల్ల కాగితం నుంచి యంత్రం మీదకి చూపు తిప్పితే కంటిపాప పెద్దగా సర్దుకోనవసరం లేకుండా, పరికరాలు మెరవకూడదు, మరీ ముదురుగా ఉండకూడదు అని. నిజమే, కానీ సగం నిజం. ఆపిల్-2 1977లోనే లేతగోధుమ రంగులో వచ్చింది. ఆ రంగు విషయంలో పాంటోన్ వాళ్ల దగ్గర రెండువేల పైచిలుకు లేతగోధుమ ఛాయలుంటే ఏదీ స్టీవ్ జాబ్స్‌కి నచ్చలేదని అప్పటి ఆపిల్ అధ్యక్షుడు మైక్ స్కాట్ చెప్పుకునేవాడు. నా అనుమానం, ఆ రంగు ఇంటి సామానులో కలిసిపోతుందని ముందే వచ్చింది, జర్మన్ నిబంధన దాన్ని ఆఫీసుల్లో స్థిరపరిచింది. 1992 అక్టోబరులో నల్ల థింక్‌ప్యాడ్ 700సీ వచ్చినప్పుడు కూడా జర్మనీ ఆఫీసు నిబంధనలకి నలుపు కుదరదని ఐబీఎమ్ లోపలే గొడవ జరిగిందని అప్పటి డిజైన్ అధిపతి టామ్ హార్డీ చెప్పాడు. రిచర్డ్ సాపర్ గీసిన ఆ నల్ల పెట్టె నెగ్గింది. మనలో ఎంతమంది ఆన్‌సైట్ వెళ్లేటప్పుడు దాన్ని భుజాన వేసుకుని విమానం ఎక్కామో!

నలుపు అనగానే నెక్స్ట్ క్యూబ్ దగ్గర కాస్త ఆగాలి. ఆపిల్ నుంచి బయటికొచ్చిన జాబ్స్ 1988 అక్టోబరు 12న చూపించిన యంత్రం. అన్నివైపులా అడుగు కొలతతో మెగ్నీషియం ఘనం. పోతపోసే వస్తువుకి అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి గోడలు లేశమాత్రం వాలుగా పెడతారు. జాబ్స్ ఒప్పుకోలేదు, కచ్చితంగా 90 డిగ్రీలుండాలన్నాడు. దాంతో పక్కలకి విడివిడిగా అచ్చులు చేయించాల్సి వచ్చింది. ఖర్చు 6,50,000 డాలర్లు. అచ్చులు కలిసేచోట పడే సన్నగీత పోవడానికి 1,50,000 డాలర్ల సాన యంత్రం కొన్నారు. పైన వేసిందేమో మెరుపులేని నలుపు. చిన్న లోపమున్నా ఇట్టే పట్టిచ్చే రంగు! ముడతల పెయింట్‌కి పూర్తిగా ఎదురు సిద్ధాంతమన్నమాట. లోపం దాచే పూత కాకుండా లోపాన్ని బయటపెట్టే పూత.

ఇదేమీ ఆయనకి మొదటిసారి కాదు. మాకింటాష్ ఫ్యాక్టరీలో మిషన్లకి తనకి నచ్చిన కొట్టొచ్చే రంగులు వేయించాడు. మిషన్లు సున్నితమైనవి, రంగేస్తే పాడవుతాయని ఫ్యాక్టరీ చూసేవాళ్లు మొత్తుకున్నా వినలేదు. నీలం వేసిన ఒక ఖరీదైన మిషను ఆ తర్వాత సరిగ్గా పనిచేయలేదు. దానికి అక్కడివాళ్లు 'స్టీవ్ గారి పిచ్చి' అని పేరు పెట్టుకున్నారు. నాకు జాబ్స్ మీద భక్తి లేదు, ద్వేషమూ లేదు. కానీ నెక్స్ట్ మొత్తం అమ్మింది సుమారు 50,000 యంత్రాలే అని తెలిశాక ఆ అచ్చుల ఖర్చు ఒక్కో డబ్బా మీద ఎంత పడిందో లెక్కేయకుండా ఉండలేకపోయాను. ఒక్క అచ్చులకే డబ్బాకి 13 డాలర్లు.

ఇక పౌడర్ కోటింగ్. నన్నడిగితే ఈ పురాణంలో నిజమైన హీరో ఇదే. మామూలు పెయింట్‌లో రంగుని మోసుకొచ్చేది ద్రావకం. టొలీన్, జైలీన్ లాంటివి. పని అయ్యాక అది గాల్లోకి పోతుంది, రంగేసేవాడి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. 1950ల మొదట్లో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన ద్రావకమే లేకుండా, పొడిని గాలితో తేలేట్టు చేసి, వేడిచేసిన వస్తువుని అందులో ముంచే పద్ధతి కనిపెట్టాడు. పొర చాలా మందంగా వచ్చేది. 1960ల్లో విద్యుదావేశంతో పొడిని చిమ్మే గన్ వచ్చాక పలచటి పొర సాధ్యమైంది. అయినా పరిశ్రమ వెంటనే మారలేదు. పొగమంచుతో ఉక్కిరిబిక్కిరైన లాస్ ఏంజెలెస్ 1966లో 'రూల్ 66' అని ద్రావకాల మీద ఆంక్షలు పెట్టింది, 1970లో అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది, 1973లో చమురు సంక్షోభం. చట్టమూ ఖర్చూ కలిసి నెట్టాకే ఫ్యాక్టరీలు పొడి వైపు కదిలాయి. మంచి టెక్నాలజీ దానంతటదే గెలుస్తుందని నమ్మేవాళ్లకి ఈ ముక్క చూపించాలి. అలాగని పొడి పూర్తిగా పుణ్యాత్మురాలేం కాదు. అందులో గట్టిపరిచే పదార్థంగా వాడిన టీజీఐసీని 1990ల చివర్లో ఐరోపా హానికర జాబితాలో పెట్టింది. ఊడ్చేటప్పుడు మాస్కు తప్పనిసరి.

నేను ప్యానెల్ తీసుకెళ్లింది బాలానగర్ వైపు ఒక చిన్న యూనిట్‌కి. ఓనరుగారికి అరవై దాటి ఉంటాయి. నన్ను వెనక్కి తీసుకెళ్లి ఏడు తొట్లు చూపించారు. నూనె మరక తీసేది, తుప్పు తీసే యాసిడ్, మధ్యమధ్య నీళ్లు, ఫాస్ఫేటింగ్... వరసగా. "సార్, అందరూ గన్ చూస్తారు. పని ఇక్కడుంటది" అన్నారు. నిజమే, ఫాస్ఫేట్ పొర సరిగ్గా పట్టకపోతే పైన ఎంత మంచి పొడి వేసినా గీత పడ్డ చోట నుంచి తుప్పు లోలోపలే పాకుతుంది. తర్వాత గన్. అరవై, డెబ్భై కిలోవోల్టుల దగ్గర పొడి ఆవేశం పుంజుకుని, ఎర్త్ చేసిన రేకుకి వెళ్లి అతుక్కుంటుంది. లోపలి మూలల్లోకి మాత్రం సరిగ్గా పోదు. ఎందుకో తెలుసా? ఫారడే పంజరమే! రేడియో రొదని బయటికి రానివ్వని ఆ గుణమే పొడిని లోపలికి రానివ్వదు. చివరికి ఓవెన్లో దాదాపు 200 డిగ్రీల దగ్గర పది నిమిషాలు.

మీలో ఎవరైనా ఇదే పని చేయించాలనుకుంటే రెండు ముక్కలు. పొర 60 నుంచి 80 మైక్రాన్లుంటుంది, రెండువైపులా కలిపితే జారే గాడుల్లో ప్యానెల్ బిగుసుకుపోవచ్చు. మర రంధ్రాలకీ, రేకూ రేకూ తగిలే అంచులకీ సిలికాన్ బిరడాలు, వేడి తట్టుకునే టేపు వేయమని ముందే చెప్పండి, లేకపోతే ఎర్తింగ్ పోతుంది. ఒక్క చిన్న గీతే అయితే అసలు అక్కడిదాకా వెళ్లొద్దు. పౌడర్‌లో అతుకు వేయడం కుదరదు, ఉన్నదంతా గీకేసి మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. సన్నటి ఎమరీ కాగితం, ప్రైమర్, స్ప్రే డబ్బా, పలచగా నాలుగైదు పూతలు, కిటికీ తెరిచి - చాలు.

గీకేయడం అన్నాను కదా, నాకు భయం అక్కడే. నాది ఒకప్పుడు సికింద్రాబాద్ సీటీసీలో అసెంబుల్ చేయించిన మామూలు క్యాబినెట్, దాని పాత రంగు పోతే చరిత్రకేం లోటు లేదు. అన్నీ అలాంటివి కావు. సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ 1990లో మొదటి వెబ్ సర్వర్ నడిపిన నెక్స్ట్ క్యూబ్ మీద ఒక కాగితం ముక్క ఉంటుంది. ఇది సర్వరు, ఆపొద్దు అని ఎర్ర ఇంకుతో చేత్తో రాసింది. సగం ఊడి, చిరిగి ఉంటుంది. ఎవరో శుభ్రత పిచ్చి ఉన్నవాళ్లు ఆ డబ్బాని "కొత్తగా" చేయించి ఉంటే? పైగా అది మెగ్నీషియం. ఇసుకతో కొట్టి గీకితే లేచే పొడి అంటుకునే రకం, పోత లోహం కావడంతో ఓవెన్లో గాలి బుడగలు పొంగి పూత పాడయ్యే ప్రమాదం కూడా.

మన దగ్గర కూడా ఉన్నాయి. 1967లో హైదరాబాద్‌లో పెట్టిన ఈసీఐఎల్ 1970ల్లో టీడీసీ-312, టీడీసీ-316 అని సొంత కంప్యూటర్లు చేసి అమ్మింది. ఏ కాలేజీ స్టోర్ రూములోనో, ఏ ల్యాబు మూలనో అలాంటి బీరువా కనబడితే, ఆడిట్ వస్తోందని కిలోల లెక్కన అమ్మేయకండి, సత్కారం పేరుతో రంగేయించనూ వద్దు. మీద అంటించిన ఆస్తి నంబరు, లేబుల్ ఊడిన చోట వెలవని పాత రంగు, ఆపరేటర్ వేళ్లు అరగదీసిన అంచు - ఆ యంత్రం ఎలా బతికిందో చెప్పే లాగ్ ఫైలు అదొక్కటే. బ్యాకప్ లేదు.

ఇక నా ప్యానెల్ సంగతి. ఓనరుగారు షేడ్ కార్డు ముందు పెట్టారు. అన్నీ రాల్ నంబర్లే. 1927లో జర్మనీలో 40 రంగులతో మొదలైన పట్టిక అది. నేను 9005 నలుపు చూపించాను.

"సార్, రేపు ప్యానెల్ బోర్డుల లాట్ ఉంది, 7032. సీమెన్స్ గ్రే అంటాం. దాంట్లో వేసేస్తే మీకు ఖర్చు తక్కువ. మీ ఒక్క రేకు కోసం బూతంతా కడిగి నలుపు పెట్టలేను."

"మరి నలుపెప్పుడు?"

"శుక్రవారం గేట్లు వస్తున్నాయి. అప్పుడు."

శుక్రవారం దాకా ఆగాను.