హాబ్సన్ గుర్రం, హెల్లర్ రూలు

కొన్నేళ్ల కిందట మా ఆఫీసులో నా ముందు రెండు దారులు పెట్టారు: నైట్ షిఫ్టుకి మారడం, లేదంటే వేరే ఊరి బ్రాంచికి వెళ్లడం. ఇంట్లో అమ్మకి బాగాలేదు. ఏదీ కుదరదు. ఆ రాత్రి మేనేజరుకి "ఇది నాకు హాబ్సన్స్ చాయిస్" అని మెయిల్ పెట్టాను. చాలా బాగా రాశాననుకున్నాను. వాడింది తప్పు మాటని తర్వాత తెలిసింది.

హాబ్సన్ నిజంగా బతికిన మనిషి. పేరు థామస్ హాబ్సన్, కేంబ్రిడ్జిలో గుర్రాలు అద్దెకిచ్చేవాడు. విద్యార్థులంతా వేగంగా పరిగెత్తే గుర్రాలే అడిగేవాళ్లు. పాపం, అవే రోజూ అలిసిపోయేవి. దాంతో ఆయన వరస పెట్టాడు. గుమ్మానికి దగ్గరగా ఏ గుర్రం ఉంటే అదే తీసుకోవాలి, నచ్చకపోతే నడిచిపోవచ్చు. అంటే అక్కడ దొరికేది ఒక్కటే. రెండు కష్టాల మధ్య నలగడం కాదు. (గుర్రాల వైపు నుంచి చూస్తే ఆయన మంచివాడే. పేరు మాత్రం మొండిఘటంలా మిగిలిపోయింది.) 1631లో ఆయన పోయినప్పుడు, అక్కడే చదువుకుంటున్న మిల్టన్ ఆయన మీద సరదా పద్యాలు కూడా రాశాడు.

నేను వాడాల్సింది "బిట్వీన్ ఎ రాక్ అండ్ ఎ హార్డ్ ప్లేస్". మన ముందు నుయ్యి, వెనక గొయ్యి లాంటిదే. ఇది అమెరికా మాట. 1921లో మాండలికాలు సేకరించేవాళ్లు రాసిపెట్టుకున్నప్పుడు, అరిజోనాలో దీని అర్థం దివాలా తీయడమట!

తర్వాత షిఫ్టు నుంచి మినహాయింపు అడిగాను. అమ్మ కోసం ఇదివరకు సెలవు పెట్టినట్టు రికార్డు చూపించమన్నారు. సరేనని ఆ సెలవు అడిగితే, మినహాయింపు ఉన్నవాళ్లకే ఇస్తామన్నారు.

దీనికి పేరు పెట్టింది జోసెఫ్ హెల్లర్. రెండో ప్రపంచయుద్ధంలో 60 సార్లు బాంబర్ విమానంలో వెళ్లొచ్చినవాడు. ఆయన నవలలో పిచ్చివాడు విమానం ఎక్కక్కర్లేదు, కానీ తనే వచ్చి అడగాలి. ప్రాణభయంతో అడిగాడంటే బుర్ర బాగానే పనిచేస్తోందన్నమాట, కాబట్టి ఎక్కాల్సిందే. ముందు ఆ రూలు నంబరు 18. అదే 1961లో లియాన్ యూరిస్ నవల 'మిలా 18' కూడా వస్తోందని 22కి మార్చారు. అలా క్యాచ్-22 అయింది.

రెండో మెయిల్లో ఆ మాటే రాశాను. ఈసారి సరిగ్గానే వాడాను. ఆ సోమవారం నుంచి నైట్ షిఫ్టుకి వెళ్లాను.