హిట్లర్ ఏలుబడిలో వియన్నా ఫుట్‌బాల్ లీగు (1938–1945)



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల సంగతులు మన పత్రికలో ఎటూ వస్తూనే ఉంటాయి కనుక ఈసారి కొంచెం దూరప్రయాణం చేద్దామనుకున్నాను. ఫుట్‌బాల్ అనగానే మనవళ్ల వ్యవహారమని పేజీ తిప్పవద్దని మనవి. ఒక ప్రభుత్వం తలచుకుంటే ఒక దేశం పేరును, ఒక క్లబ్బును, కొందరు మనుషులను రికార్డుల్లోంచి ఎలా కొట్టివేయగలదో, ఆ పని ఎవరెవరి చేతుల మీదుగా సాగుతుందో ఈ కథలో కనిపిస్తుంది. రిజిస్టర్ల మధ్య జీవితం గడిపిన మనకు ఇది తెలియవలసిన విషయమే.

ముందు వైభవం

ఆస్ట్రియా రాజధాని వియన్నా ఒకప్పుడు యూరప్ ఫుట్‌బాల్‌కు పుట్టిల్లు లాంటిది. ఇంగ్లండు దాటిన తరువాత యూరప్ ఖండంలో జీతాలిచ్చి ఆడించే తొలి లీగు 1924లో అక్కడే మొదలైంది. ఆ లీగులో మొదటి ఏడాది, అంటే 1925లో, విజేతగా నిలిచిన క్లబ్బు పేరు హకోవా. అది యూదుల క్లబ్బు. 1923లోనే లండన్ వెళ్లి వెస్ట్‌హామ్ జట్టును 5–0తో ఓడించి వచ్చింది. 1925లో టైటిల్ తేల్చిన ఆటలో వారి గోల్‌కీపర్ చేయి విరిగింది. మధ్యలో మరో ఆటగాణ్ణి దించే నియమం ఆ రోజుల్లో లేదు. ఆయన కట్టు కట్టించుకుని ముందువరుసలో ఆడి, గెలుపు గోల్ తానే కొట్టాడు.

హ్యూగో మైస్ల్ అనే నిర్వాహకుడు తీర్చిదిద్దిన ఆస్ట్రియా జాతీయ జట్టును జనం అద్భుత జట్టు అని పిలిచేవారు. 1931 మే నెలలో ఆ జట్టు స్కాట్లండును 5–0తోను, కొద్ది రోజులకే బెర్లిన్‌లో జర్మనీని 6–0తోను ఓడించింది. జట్టుకు ప్రాణం మథియాస్ సిండెలార్. మనిషి బక్కపలచన. అందుకే ఆయనను ‘కాగితం మనిషి’ అనేవారు.

జర్మనీలో ఏం జరిగింది

జర్మనీలో 1933లో హిట్లర్ అధికారానికి వచ్చాక ఫుట్‌బాల్ వ్యవస్థను తిరగరాశారు. దేశాన్ని 16 ప్రాంతాలుగా విభజించి ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క ఉన్నత లీగు పెట్టారు. దాని పేరు గౌలీగా. ‘గౌ’ అంటే వారి భాషలో ప్రాంతం. ప్రాంతీయ విజేతలు ఆ తరువాత జాతీయ టైటిల్ కోసం పోటీపడేవారు. క్రీడలన్నిటి మీద ఒక అధికారిని కూర్చోబెట్టారు. ఆయన పేరు ఫాన్ చామర్.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1933 ఏప్రిల్ 9న దక్షిణ జర్మనీకి చెందిన 14 పెద్ద క్లబ్బులు, బయర్న్ మ్యూనిక్, నూరెంబర్గ్ వంటివి, ఒక ప్రకటన చేశాయి. కొత్త ప్రభుత్వానికి సహకరిస్తామని, క్రీడా సంఘాల నుంచి యూదులను తొలగించే పనిలో తోడ్పడతామని దాని సారాంశం. హిట్లర్ గద్దెనెక్కి అప్పటికి ఇంకా మూడు నెలలు కూడా నిండలేదు. పైనుంచి ఉత్తర్వు వచ్చి, గత్యంతరం లేక సంతకం పెట్టడం ఒక విధం. ఉత్తర్వు రాకముందే అధికారుల మనసు కనిపెట్టి ఫైలు తయారు చేసి పెట్టడం మరొక విధం. ఈ రెండో రకం మనుషులను మనం ఆఫీసుల్లో చూడని వాళ్లమా?

పేరు మార్పు

1938 మార్చి 12న జర్మన్ సైన్యం ఆస్ట్రియాలో ప్రవేశించింది. వీధుల్లో పూలు చల్లి స్వాగతం పలికిన వారు లక్షల్లో ఉన్నారన్నది నిజం. ఆ మరునాడే ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయినట్లు చట్టం చేశారు. తరువాత దేశానికి ‘ఓస్ట్‌మార్క్’, అంటే తూర్పు సరిహద్దు సీమ, అని పేరు పెట్టారు. కొన్నేళ్లకు ఆ పేరులో కూడా పాత దేశపు వాసన మిగిలిందనిపించి ‘డాన్యూబు–ఆల్ప్స్ సీమలు’ అన్నారు. ఫుట్‌బాల్ లీగు కూడా ఆ వెంటే పేరు మార్చుకుంటూ పోయింది.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు బోర్డులు, రబ్బరు స్టాంపులు మార్చిన రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అది పాలనను ప్రజల దగ్గరకు చేర్చడానికి చేసిన మార్పు. వియన్నాలో మార్చిన స్టాంపుల ఉద్దేశం వేరు. అక్కడ ఒక దేశం ఉండేదన్న జ్ఞాపకాన్నే చెరిపివేయడం.

హకోవా క్లబ్బును వెంటనే రద్దు చేశారు. ఆ ఏడాది అది ఆడిన ఆటల ఫలితాలను లెక్కలోంచి కొట్టివేశారు. మైదానం స్వాధీనం చేసుకున్నారు. ఆ క్లబ్బు స్థాపకుల్లో ఒకరైన ఫ్రిట్జ్ లోనర్-బేడా పేరున్న పాటల రచయిత. ఆయనను నిర్బంధ శిబిరాలకు పంపారు. 1942 డిసెంబరులో ఆష్విట్జ్‌లో చంపారు. ఆస్ట్రియా వియన్నా అనే మరో ప్రసిద్ధ క్లబ్బుకు అధ్యక్షుడైన డాక్టర్ ఎమాన్యుయెల్ ష్వార్జ్ యూదుడు కావడంతో పదవి పోగొట్టుకుని దేశం విడిచారు. ఫుట్‌బాల్ సంఘ పెద్దల్లో ఒకరైన యోసెఫ్ గెరో నిర్బంధ శిబిరాల పాలయ్యారు.

జీతాలకు ఆడే పద్ధతిని కూడా నిషేధించారు. ఆటే జీవనాధారమైన వారంతా వేరే ఉద్యోగాలు వెతుక్కోవలసి వచ్చింది.

ఏప్రిల్ 3 నాటి ఆట

విలీనంపై ఏప్రిల్ 10న ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. దానికి వారం ముందు, ఏప్రిల్ 3న, వియన్నాలోని ప్రాటర్ స్టేడియంలో జర్మనీ జట్టుకు, పాత ఆస్ట్రియా జట్టుకు ‘వీడ్కోలు ఆట’ ఏర్పాటు చేశారు. సుమారు 60 వేల మంది చూశారు. ఆస్ట్రియా 2–0తో గెలిచింది. ఒక గోల్ సిండెలార్ కొట్టాడు, రెండోది కార్ల్ సెస్టా.

ఆట డ్రా చేయమని పైనుంచి ఆదేశం ఉందని, సిండెలార్ మొదటి సగంలో కావాలని గోల్స్ తప్పించి ఎగతాళి చేశాడని చెప్పుకుంటారు. ఆదేశం తాలూకు కాగితం మాత్రం దొరకలేదు. ఖాయంగా తెలిసిందేమంటే, ఆ తరువాత సిండెలార్ జర్మనీ జట్టుకు ఒక్కసారి కూడా ఆడలేదు. వయసు పైబడిందని, మోకాలు బాగాలేదని చెప్పి తప్పుకున్నాడు.

ఆ వేసవి ప్రపంచకప్పుకు ఆస్ట్రియా అప్పటికే అర్హత పొంది ఉంది. దేశమే లేదు కనుక జట్టూ లేదన్నారు. రెండు జట్లను కలిపి ఆడించమని శిక్షకుడు హెర్‌బెర్గర్‌కు ఆజ్ఞ వచ్చింది. వారిది బలం, వేగం. వీరిది చిన్న చిన్న పాసుల నేర్పు. రెండూ కలవలేదు. తొలి రౌండులోనే స్విట్జర్లండుతో 1–1, మళ్లీ ఆడిన ఆటలో రెండు గోల్స్ ఆధిక్యం పోగొట్టుకుని 2–4తో ఇంటిముఖం పట్టారు. ఉత్తర్వుతో రెండు శాఖలను కలపవచ్చు గాని మనుషులను కలపలేమని మనకు తెలియనిది కాదు.

1939 జనవరి 23న సిండెలార్, ఆయన స్నేహితురాలు తమ ఇంట్లో విషవాయువుతో మరణించారు. ఆయనకు 35 ఏళ్లు. పొగగొట్టం లోపమని రికార్డు చెప్పింది. హత్య అని కొందరు, ఆత్మహత్య అని కొందరు అనుకున్నారు. ఫాసిస్టులను ఎదిరించిన అమరుడిగా ఆయన పేరు నిలిచింది. అయితే ఫైలుకు రెండో పక్క కూడా చూడాలి. 1938లో ఆయన కొన్న కాఫీ హోటలు, నాజీ చట్టాల ఒత్తిడి వల్ల అమ్ముకోక తప్పని ఒక యూదుడిది. ఈ సంగతి బయటపడ్డాక ఆయన గౌరవ సమాధి గురించి కూడా వియన్నాలో వాదాలు నడిచాయి. ఒక మనిషిలో రెండూ ఉండవచ్చునని నా అభిప్రాయం.

లీగు నడిచిన తీరు

గౌలీగా ఓస్ట్‌మార్క్ 1938–39 సీజనులో పది క్లబ్బులతో మొదలైంది. గ్రాజ్, స్టయర్ వంటి పట్టణాల జట్లు వియన్నా జట్లతో ఒకే లీగులో ఆడే అవకాశం వచ్చింది. మొదటి విజేత అడ్మిరా. 1940, 1941లలో రాపిడ్, ఆ పైన మూడేళ్లు వరుసగా ఫస్ట్ వియన్నా గెలిచాయి.

అడ్మిరా 1939 జూన్‌లో బెర్లిన్‌లో జాతీయ ఫైనల్ ఆడి షాల్కే చేతిలో 0–9తో ఓడింది. వియన్నా జనం ఆ అవమానం మరచిపోలేదు. 1940 నవంబరు 17న అదే షాల్కే వియన్నాకు వచ్చి అడ్మిరాతో ఆడినప్పుడు రిఫరీ తీర్పులపై అల్లరి రేగింది. వియన్నాను ఏలే నాజీ అధిపతి ఫాన్ షిరాక్ కారును కూడా జనం ధ్వంసం చేశారు. దీనిని స్వాతంత్ర్య పోరాటమనడం అతిశయోక్తి. కాని నోరు విప్పడానికి వీలులేని ఊరిలో గొంతెత్తి అరవగల చోటు ఫుట్‌బాల్ మైదానం ఒక్కటే అయింది.

1941 జూన్ 22న బెర్లిన్‌లో రాపిడ్, షాల్కే ఫైనల్. అదే రోజు తెల్లవారుజామున హిట్లర్ సైన్యం సోవియట్ రష్యాపై దండెత్తింది. అయినా ఆట ఆగలేదు. 95 వేల మంది వచ్చారు. షాల్కే 3–0తో ముందున్నది. ఆ తరువాత కొద్ది నిమిషాల వ్యవధిలో రాపిడ్ నాలుగు గోల్స్ కొట్టింది. అందులో మూడు ఫ్రాంజ్ బిండర్‌వి. 4–3. అలా ఆస్ట్రియా క్లబ్బు ఒకటి జర్మనీ ఛాంపియన్ అయింది. ఆ ఘనత దక్కిన ఆస్ట్రియా క్లబ్బు ఇప్పటికీ అదొక్కటే. కోపంతో హిట్లర్ రాపిడ్ ఆటగాళ్లను యుద్ధరంగానికి పంపాడన్న కథ ప్రచారంలో ఉంది గాని, ఆనాడు యువకులందరికీ రాసిపెట్టి ఉన్నది యుద్ధరంగమే. లీగు 1944–45 సీజను మధ్యలోనే ఆగిపోయింది.

ప్రాటర్ స్టేడియం గురించి ఒక మాట చెప్పకపోతే ఈ కథ అసంపూర్ణం. 1939 సెప్టెంబరులో వెయ్యిమందికి పైగా యూదులను ఆ స్టేడియం గ్యాలరీల కింద బంధించారు. కొన్ని వందల మందికి జాతి పరీక్షల పేరుతో తలలు, ముక్కులు కొలిచారు. నెలాఖరున బుకెన్‌వాల్డ్ శిబిరానికి పంపారు. ఎక్కువ మంది తిరిగి రాలేదు. అదే స్టేడియంలో ఆటలు మాత్రం జరుగుతూనే ఉన్నాయి.

తరువాత

1945లో ఆస్ట్రియా పేరు తిరిగి వచ్చింది. గెరో బతికి వచ్చి న్యాయశాఖ మంత్రి అయ్యారు. డాక్టర్ ష్వార్జ్ తన క్లబ్బుకు తిరిగి అధ్యక్షులయ్యారు. హకోవాకు ప్రాటర్‌లోని స్థలం చేరి కొత్త క్రీడా కేంద్రం తెరవడానికి 2008 వరకు పట్టింది. అంటే 70 ఏళ్లు! మన ఎరియర్సు ఆలస్యం దీని ముందు ఏపాటిది? స్టేడియంలో బందీల జ్ఞాపకార్థం ఫలకం 2003లో పెట్టారు. జర్మనీ ఫుట్‌బాల్ సంఘం నాజీ కాలపు తన చరిత్రను చరిత్రకారుని చేత రాయించి 2005లో పుస్తకంగా వెలువరించింది. రాపిడ్ కూడా అటువంటి పరిశోధన చేయించి 2011లో బయటపెట్టింది. ఆలస్యమైనా తమ ఫైలు తామే తెరిచి చూపడం మెచ్చుకోవలసిన పని.

హకోవా ఫలితాలు కొట్టివేసినవాడు హిట్లర్ కాదు. ఏదో ఒక సంఘం ఆఫీసులో బల్ల ముందు కూర్చున్న గుమస్తా రూలర్ పెట్టి ఎర్రసిరాతో గీత గీసి ఉంటాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి భోజనం చేసి ఉంటాడు. మనం రిటైరయ్యాం. మన పిల్లలు, మనవలు ఇప్పుడు ఆ కుర్చీల్లో ఉన్నారు. పెన్నుల బదులు కంప్యూటర్లు వచ్చాయి, ఒక పేరు తీసివేయడానికి గీత కూడా అక్కరలేదు. తమ ముందుకు వచ్చిన కాగితంలో ఎవరి పేరు తీసివేయమంటున్నారో, ఎందుకో ఒక్క క్షణం ఆగి చదవమని వారికి చెప్పడం పెద్దలుగా మన బాధ్యత.