మా పెరట్లో పాత అంబాసిడర్

వంటింటి మనిషికి కార్లతో పనేమిటని నవ్వుకునేరు! బందరులో మా పెరట్లో ఉన్న కారు మామగారు 1965లో కొన్నది. దాని సంగతి చెప్పాలంటే కొంత చరిత్ర కూడా చెప్పాలి మరి.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు దగ్గర కౌలీ అనే చోట మోరిస్ కంపెనీవారు 1956లో ఒక కారు తెచ్చారు. మూడేళ్ళకే అక్కడ దాన్ని ఆపేశారు. ఆ నమూనానే హిందుస్తాన్ మోటార్స్ వారు బెంగాలులో కలకత్తా దగ్గరున్న ఉత్తరపారాలో అంబాసిడర్ అని తయారుచేశారు. పుట్టినచోట మూడేళ్ళు బతికింది, మన దగ్గర 2014 దాకా బతికింది! మాది 1962లో వచ్చిన మార్క్ 2 రకం, 1489 సి.సి. పెట్రోలు ఇంజను.

అప్పట్లో మామగారిది అవనిగడ్డ దగ్గర కాపురం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. 10,000 మందికి పైగా పోయారు. నేనింకా పుట్టలేదు, అంతా అత్తగారి నోట విన్నదే. వాళ్ళు డాబా ఎక్కి బతికారు. కారు అద్దాల దాకా సముద్రపు నీళ్ళలో మునిగింది. తరవాత ఇంజను విప్పించి, మంచినీళ్ళతో కడిగించి, కిరసనాయిలు పోయించి మళ్ళీ నడిపారు మామగారు. కొన్నేళ్ళకు అది మూలపడింది.

ఉప్పు జాడీ పెట్టిన ఇనప బీరువా గతి మనకు తెలియంది కాదు. ఉప్పు గాలిలో తేమను లాక్కుంటూనే ఉంటుంది. పైగా ఈ కారుకు లారీలాగా విడిగా ఛాసిస్ ఉండదు, ఒళ్ళే దానికి ఎముకలు. అందుకని నేలరేకు తుప్పుపడితే లప్పం పెట్టి రంగేస్తే కుదరదు. కుళ్ళినంతా కోసేసి కొత్త రేకు వెల్డింగు చెయ్యాల్సిందే.

మా ఇంట్లో అసలు గొడవ ఇంజను దగ్గర వచ్చింది. ఒక మెకానిక్ “డీజిలు ఇంజను పెట్టేద్దామమ్మా, చవక” అన్నాడు. మావారు సరేనన్నారు. నేను ఒప్పుకోలేదు. 2021లో కేంద్రప్రభుత్వం నిబంధనలు సవరించి, మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బళ్ళకు వింటేజ్ గుర్తింపు ఇస్తోంది. పాత నంబరు కూడా ఉంచుకోవచ్చు. ఇంజను మారిస్తే అది మామగారి కారెలా అవుతుంది?

గుడివాడలో ఒక పెద్ద మేస్త్రి దొరికారు. ఇప్పటి కుర్రాళ్ళ దగ్గర మిల్లీమీటరు పానాలే ఉంటాయి, దీనికేమో అంగుళాల బోల్టులు. ఆయన దగ్గర ఆ పానాలన్నీ ఉన్నాయి. సిలిండర్లు లాత్ షాపులో బోరింగు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయించారు. బ్లాకు అదే, దానిమీద నంబరూ అదే. బేరింగులు, రబ్బరు బీడింగులు విజయవాడ ఆటోనగర్‌లో తిరిగితే దొరికాయి. కారు పేరు అక్షరాలు పట్టుకుని చిలకలపూడిలో గిల్టునగల పనివారి దగ్గరకెళ్ళాను. “మా తొట్టిలో గాజులు పడతాయిగానీ బంపరు పట్టదమ్మా” అని నవ్వి, అక్షరాలకు మాత్రం నికెలు పూత వేసిచ్చాడు.

తలుపు లోపలి అట్ట విప్పిన రోజున అడుగున బూడిదరంగు ఒండ్రు గట్టిపడి ఉంది, అందులో వడ్లపొట్టు. మేస్త్రి కడిగేయబోతే అత్తగారు ఆగమన్నారు. దోసిట్లోకి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు. నాగాయలంక వైపున్న ఆవిడ పిన్నిగారి కుటుంబమంతా ఆ రాత్రే పోయింది. ఆ మట్టిని గుడ్డలో మూటకట్టి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. రెండో తలుపు నన్నే విప్పమన్నారు.

మొన్న సంక్రాంతికి ఇంజను పలికింది. వెనకలైటు ఎర్ర అద్దం, ఎడమవైపుది, ఇంకా దొరకలేదు. పాత మార్క్ 2 ది మీ ఇళ్ళలో ఏ అటకమీదన్నా ఉంటే, తుక్కువాడికి వెయ్యకుండా నాకో ఉత్తరం ముక్క రాయండి.