పారిజాతం బోధించే వృక్షసంక్రమణ ధర్మం

విశాఖపట్టణంలో 1933లో నౌకాశ్రయం ప్రారంభమైంది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. సాగరానికీ గిరులకూ నడుమ విస్తరించిన ఆ నగరంలో, 2014 అక్టోబరు 12న తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను ఒక్కనాటిలో వేలాది వృక్షాలను నేలకూల్చింది. సింహాచల గిరుల పచ్చదనం సైతం దెబ్బతిన్నది. ఎదిగిన వృక్షం విలువ ఏమిటో అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. రహదారికో గృహానికో అడ్డు వచ్చిన వృక్షాన్ని నరకక, వేరొక చోటికి తరలించవచ్చునా? తరలించే అధికారం ఎవరిది? ఆ బాధ్యత ఎంతవరకు? ఇవి మన పూర్వులు విచారించిన ప్రశ్నలే.

ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరాచార్యులు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయంలో ఇందుకు విధానం నిర్దేశించారు. నెయ్యి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగాలు, పాలు, గోమయం – వీటితో మూలం నుండి స్కంధం వరకు లేపనం చేసి వృక్షాన్ని తరలించాలి. నాటేవాడు శుచియై, స్నానానులేపనాలతో వృక్షాన్ని పూజించిన పిమ్మటనే నాటాలి. అట్లు నాటిన వృక్షం ఉన్న ఆకులతోనే జీవిస్తుందని ఆచార్యుల అభిప్రాయం. దృఢమైన స్కంధం గల వృక్షాలకు వర్షారంభమే తగిన కాలం. నాటిన పిదప గ్రీష్మంలో ఉదయ సాయంకాలాలు, శీతకాలంలో దినం విడిచి దినం, వర్షర్తువులో నేల ఆరినప్పుడు జలసేచనం చేయాలి. పెకలించడంతో పని ముగియదని, అసలు బాధ్యత అక్కడే ఆరంభమవుతుందని ఈ విధి స్పష్టం చేస్తున్నది.

అధికార విషయాన్ని పురాణం చర్చించింది. నరకాసుర సంహారానంతరం అదితి కుండలాలను సమర్పించడానికి శ్రీకృష్ణుడు సత్యభామా సమేతుడై స్వర్గానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు నందనోద్యానంలోని పారిజాతాన్ని పెకలించి గరుడునిపై ఉంచాడు. అది శచీదేవి సొత్తని వనపాలకులు అడ్డగించారు. అమృతమథనంలో సాగరం నుండి పుట్టిన వృక్షం సర్వలోకాలకూ సామాన్యమైనది కాగా, ఇంద్రుడొక్కడే దానిని ఎట్లా స్వీకరిస్తాడని సత్యభామ ప్రశ్నించినట్లు విష్ణుపురాణం చెబుతున్నది. యుద్ధంలో ఇంద్రుడు ఓడిన తరువాత, ఆ వృక్షాన్ని తీసుకుపొమ్మని ఆమెయే పలికింది. విడిచిపెట్టడానికి ఆమె సిద్ధపడిన పిమ్మటనే పారిజాతం ఇంద్రుని సమ్మతితో ద్వారకకు చేరింది. సత్యభామ గృహోద్యానానికి అలంకారమైన ఆ వృక్షాన్ని అనుసరించి స్వర్గం నుండి తుమ్మెదలు సైతం వచ్చాయని భాగవతం వర్ణించింది. శ్రీకృష్ణ నిర్యాణానంతరం అది స్వర్గానికే మరలిపోయింది.

ఈ గాథను హరివంశానుసారంగా నంది తిమ్మన పారిజాతాపహరణ ప్రబంధంగా రచించి శ్రీకృష్ణదేవరాయలకు అంకితమిచ్చాడు. ఆ రాయలు కళింగ దండయాత్రా సందర్భంలో, 1516లో, సింహాచల క్షేత్రాన్ని దర్శించి వరాహనృసింహ స్వామికి ఆభరణాలు సమర్పించినట్లు ఆలయ శాసనం తెలుపుతున్నది. హరివంశ కథలో సత్యభామ పుణ్యకవ్రతం ఆచరించి, పారిజాతానికి బంధించిన శ్రీకృష్ణునే నారదునికి దానం చేస్తుంది. కథాక్రమం వేరైనా పర్యవసానం ఒక్కటే: మమకారంతో కోరిన వృక్షం చివరకు త్యాగాన్ని నేర్పింది.

ఈ త్యాగానికి మూలమైన దృష్టి ఛాందోగ్యోపనిషత్తులో ఉన్నది. మహావృక్షాన్ని మొదట, మధ్యలో, అగ్రాన ఎక్కడ కొట్టినా జీవరసమే స్రవిస్తుందని ఉద్దాలకుడు శ్వేతకేతువుకు బోధించాడు. జీవుడు విడిచిన శాఖ ఎండిపోతుంది. సర్వమూ విడిస్తే వృక్షమంతా ఎండిపోతుంది. జీవుడు విడిచినదే మరణిస్తుంది గాని జీవుడు మరణించడు. తరలించేది కాష్ఠాన్ని కాదు, జీవాధిష్ఠితమైన దేహాన్ని అని గ్రహించినవానికి వరాహమిహిరుడు విధించిన పూజ ఆచారమాత్రంగా తోచదు.

కనుక అనివార్యమైనప్పుడు వృక్షాన్ని తరలించడం దోషం కాదు; తరలించి విస్మరించడం దోషం. వేళ్ళు కొత్త మట్టిని పట్టేవరకు దానికి నీరు పోయడం తరలించినవాని ధర్మం. ఆపై అది పంచే నీడా పరిమళమూ ఏ ఒక్కరి సొత్తూ కావు.