ముల్లంగి మూలకేశము మొదలుకొని

ముల్లంగి విత్తనము మొలకెత్తి వేరు సాగునప్పుడు దానిపై నూగుగా బయలుదేరు మూలకేశములలో ఒక్కొక్కటియు ఒక్కొక్క కణము. అది కొనయందు మాత్రమే పెరుగుచు, కుడ్యనిర్మాణమునకు వలయు పదార్థమును ఆ కొనకు ఎడతెగక చేరవేసికొనుచుండును. 1966 లో బానెట్, న్యూకోమ్ అను ఇరువురు వృక్షశాస్త్రజ్ఞులు ఈ కేశములను మిక్కిలి పలుచని పొరలుగా కోసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించి, వానిలో మిల్లీమీటరునందు పదివేలవ వంతు మాత్రపు తిత్తులను, వాని వెలుపలి తలమున నిక్కియున్న కేసరముల పూతను వర్ణించిరి. వృక్షకణమున ప్రోటీనులను మోయు ఇట్టి పూతగల తిత్తుల, అనగా కవచకోశికల, చరిత్రను వ్రాయబూనిన వారెవరైనను ఆ వ్యాసమునుండి మొదలుపెట్టుట న్యాయమని నా అభిప్రాయము.

అంతకుముందు అవి కనబడకపోవుటకు కారణము పరిశీలకుల అశ్రద్ధ కాదు. మిల్లీమీటరులో అయిదువేలవ వంతుకన్న సూక్ష్మమైన వివరములు సాధారణమైన కాంతి సూక్ష్మదర్శినికి చిక్కవు. తిత్తులకన్న పెద్ద నిర్మాణము సైతము సందేహమునకు గురియైనది: 1898 లో ఇటలీలోని పావియా నగరమున కమిల్లో గాల్జీ గుడ్లగూబ మెదడునందలి నాడీకణములకు వెండి లవణముతో రంగు పట్టించి కణములోపల నొక జాలమును చూచెను. అది నిజముగా కణమున నున్నదా, రంగువలన పుట్టిన భ్రాంతియా యను వివాదము అర్ధశతాబ్దము సాగి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన పిమ్మటగాని సమసిపోలేదు. ఆయన పేర గాల్జీ దేహమనబడు ఆ జాలము వృక్షకణములందు ఒక్కచోట కుదురుగా నుండక, పెక్కు చిన్న దొంతరలుగా విడిపోయి కణమంతటను సంచరించుచుండుట మరియొక చిక్కు.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి కలదు. కణమును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూచుటకు ముందు దాని నిర్మాణము చెదరకుండ రసాయనముతో స్థిరపరుపవలెను. వృక్షశాస్త్రజ్ఞులు విరివిగా వాడిన పొటాసియం పర్మాంగనేటు త్వచములను చక్కగా నిలిపెడిదేకాని, వాని నంటియుండు సుకుమారమైన ప్రోటీను నిర్మాణములను నిలుపలేకపోయెడిది. 1963 లో సబాటిని, బెన్ష్, బార్నెట్ అనువారు గ్లుటరాల్డిహైడును ప్రవేశపెట్టినంతనే పరిస్థితి మారినది. సీసాలోని ద్రవము మారుటచేత కణములో లేవనుకొన్న వస్తువులు ఉన్నవిగా తేలుట సామాన్యమైన విషయము కాదు. సిద్ధాంతకర్తలకు దక్కిన కీర్తిలో కొంతయైనను ఇట్టి ప్రయోగశాలా శిల్పులకు దక్కలేదని నాకు బాధ కలుగును.

1964 లో రోత్, పోర్టర్ అనువారు దోమ అండకణము పచ్చసొన ప్రోటీనును గ్రహించునప్పుడు త్వచముపై పూతగల గుంటలు ఏర్పడి, లోనికి దిగి, తిత్తులుగా తెగిపోవుచున్నవని చూపిరి. 1969 లో జపానుదేశీయులైన కనసెకి, కడోటా అనువారు గినీ పిగ్గు మెదడునుండి తీసిన తిత్తులను పరిశీలించి, ఆ పూత షడ్భుజములును పంచభుజములును కూడిన అల్లిక యనియు, తిత్తి దానిలో బుట్టలోని పండువలె ఇమిడియుండుననియు తేల్చిరి. 1976 లో కేంబ్రిడ్జియందు బార్బరా పియర్స్, పందిమెదడునుండి శుద్ధిచేసిన తిత్తులలో ఆ అల్లికకు ముఖ్యాధారము ఒకే ప్రోటీను అని నిరూపించి దానికి క్లాత్రిన్ అని పేరిడెను. ఆ ప్రోటీను అణువు మూడు వంగిన కాళ్లతో నుండుననియు, అట్టివి ఒకదానితో నొకటి పెనవేసికొని అల్లిక యగుననియు 1981 నాటికి తెలిసినది. షడ్భుజములు ఎన్నియున్నను, పంచభుజములు సరిగా 12 ఉన్నగాని ఆ గోళము మూతపడదు.

వృక్షముల విషయమున ఇంతటి వేగము సాధ్యము కాలేదు. మెదడు మెత్తనిది, మొక్కకణమునకు గట్టి కుడ్యము, లోపల అధికభాగమును ఆక్రమించు రిక్తిక కలవు. కుడ్యమును బలవంతముగా పగులగొట్టిన ఆ రిక్తిక చినిగి, అందలి ఆమ్లములును జీర్ణకారి ఎంజైములును చిందిపోయి, వెదకుచున్న ప్రోటీనునే పాడుచేయును. దీనికితోడు ఒక గంభీరమైన ఆక్షేపణ యుండెను: వృక్షకణములోని స్ఫీత పీడనము వాతావరణ పీడనమునకు పలురెట్లు, అంతటి ఒత్తిడికి ఎదురుగా త్వచము లోపలికి ముడుచుకొని తిత్తిగా తెగుట అసాధ్యమని లెక్కలు వేసి చూపిన విద్వాంసులు కలరు. ఆ లెక్కలు తేలికగా త్రోసిపుచ్చదగినవి కావు.

కెనడాలో ఫౌక్ బృందమువారు సోయాచిక్కుడు కణములకు ఎంజైములతో కుడ్యము నొలిచి, ఆ నగ్నకణములున్న ద్రవములో ధనావేశము పొందిన ఫెర్రిటిన్‌ను కలిపిరి. ఇనుము కలిగిన ప్రోటీను గనుక అది పటమునందు నల్లని చుక్కలుగా కనబడును. ఆ చుక్కలు మొదట త్వచముమీదను, పిదప పూతగల గుంటలలోను, తరువాత కవచకోశికలలోను, తుదకు కణాంతర్భాగములందును గోచరించెను. ఇది 1984 నాటి మాట. కుడ్యము లేని కణమునకు స్ఫీత పీడనము లేదుగదా యను సందేహము మిగిలినను, మొక్కకు ఆ యంత్రాంగమే లేదనుట యిక చెల్లలేదు. మరుసటి సంవత్సరము వారే ఆ కోశికలను వేరుచేసిరి. వృక్షక్లాత్రిన్ గొలుసు జంతువులదానికన్న కొంచెము బరువైనదని, 1,80,000 కాక సుమారు 1,90,000 డాల్టనులని తరువాతి పరిశోధనలందు తేలినది.

బఠాణి బీజదళముల కథ మరింత ఉపదేశకరము. పప్పుగింజ పండునప్పుడు లెగ్యుమిన్ మొదలగు నిల్వ ప్రోటీనులు రిక్తికలలో చేరును. ఇవి కవచకోశికలలోనే పయనించునని 1980 దశకమున పలువురు తలచిరి. జర్మనీలోని డేవిడ్ రాబిన్సన్ బృందముయొక్క పరిశోధనయు అందుకు ఊతమిచ్చెను. కాని 1996 లో ఆయనయే భాగస్వామిగా వెలువడిన వ్యాసము, ఆ సరకు క్లాత్రిన్ పూతలేని దట్టమైన వేరొకజాతి తిత్తులలో పోవుచున్నదని ప్రకటించినది. తాము నిలబెట్టిన అభిప్రాయమును తామే సవరించుకొనుట పరిశోధకునికి అవమానము కాదు, ఆభరణము. క్లాత్రిన్ కోశికలకు మిగిలిన పని, జీర్ణకారి రిక్తికకు ఎంజైములను చేర్చుట. ఆ ఎంజైములను గుర్తించి పట్టుకొను గ్రాహక ప్రోటీనును 1994 లో ఆ బఠాణినుండియే వెలికితీసిరి.

కణములోని తిత్తులన్నిటికిని క్లాత్రిన్ పూతయే ఉండదు: అంతర్జీవ ద్రవ్యజాలమునుండి గాల్జీ దేహమునకును, అచ్చటినుండి వెనుకకును పోవు తిత్తులకు వేరు పూతలు కలవు. అవి ఈస్టునందును క్షీరదకణములందును షెక్మన్, రోత్‌మన్ అను శాస్త్రజ్ఞులు చేసిన కృషివలన తెలిసినవి. వారికి 2013 లో నోబెల్ బహుమానము లభించెను.

కుడ్యముతోను పీడనముతోను ఉన్న అఖండకణములలో క్లాత్రిన్ పనిచేయుట, ముల్లంగి కుటుంబమునకే చెందిన అరాబిడాప్సిస్ మొక్కలో 2007 నాటికి స్పష్టమైనది: వృద్ధికి దిశ చూపు ఆక్సిన్ హార్మోనును నడుపు ప్రోటీనులు ఆ మార్గముననే త్వచమునుండి లోనికి పోవుచున్నవి. 2014 లో బెల్జియమునందలి ఘెంట్ శాస్త్రజ్ఞులు, ఈ పనియందు పాల్గొను ఎనిమిది ప్రోటీనుల సముదాయము నొకదానిని మొక్కలో కనుగొనిరి. అది జంతువులందును ఈస్టునందును లేదు. జంతుకణములందు ఏపీ-2 అను సముదాయము వహించు ప్రాధాన్యమును మొక్కలో ఇదియే వహించుచున్నట్లు కానవచ్చుచున్నది; దాని యంశములలో టీప్లేట్ అనునది లోపించినచో పుప్పొడి ముడుచుకొని మొలకెత్తకపోవును.