కాలువ తవ్విన చేతులు

మా ఇంటికి నాలుగు వీధుల అవతల బకింగ్‌హామ్ కాలువ ఉంది. చెన్నైలో ఉండేవాళ్లకి దాని గురించి చెప్పక్కర్లేదు. ముందు వాసన వస్తుంది, తర్వాత కాలువ కనపడుతుంది. నీళ్లు నల్లగా ఉంటాయి. పైన పోయే ఎం.ఆర్.టి.ఎస్. రైలు స్తంభాలు దాంట్లోనే దిగబడి ఉంటాయి. నేను రోజూ ముక్కు మూసుకుని వంతెన దాటి బడికి వస్తాను. ఆ కాలువ గురించి వ్యాసం రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

రాయడానికి కారణం పోయిన వేసవిలో ఒక పెళ్లిలో విన్న మాట. భోజనాల దగ్గర ఒక పెద్దాయన మా నాయనతో, "మీవాళ్లు కరువులో బియ్యం కోసం మతంలో కలిసినోళ్లే గదా" అని నవ్వుతూ అన్నాడు. నాయన కూడా నవ్వేసి ఊరుకున్నాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఇంటికొచ్చి అవ్వని అడిగాను. అవ్వ వాళ్లది ఒంగోలు పక్క పల్లె. పెళ్లయ్యాక మద్రాసు వచ్చింది, నలభై ఏళ్లు కట్టుబడి పనుల్లో ఇసుక మోసింది. "నిజమేనేమో, నాకేం తెలుసు? ధాత కరువులో మనోళ్లు కాలవ తవ్వినారని మా తాత చెప్పేవాడు. ఏ కాలవో మరి" అంది.

ఆ "ఏ కాలవో మరి" అన్న మాట పట్టుకునే నేను వెతకడం మొదలుపెట్టాను. మా సాంఘిక శాస్త్రం సార్ రెండు పుస్తకాలు ఇచ్చారు, మా చర్చి పాస్టరుగారు ఒకటి ఇచ్చారు.

1876లో మద్రాసు రాజధానిలో వానలు పడలేదు. అరవై సంవత్సరాల లెక్కలో ఆ ఏడాది పేరు ధాత. నా పక్కన కూర్చునే తమిళ అమ్మాయిని అడిగితే వాళ్లింట్లో దాన్ని "తాదు వరుష పంజం" అంటారని చెప్పింది. కరువు ఒకటే, గుర్తు పెట్టుకున్న పేరూ ఒకటే. 1878 దాకా సాగిన ఆ కరువులో యాభై లక్షలమందికి పైగా చచ్చిపోయారని చరిత్రకారుల అంచనా. అదే సమయంలో ఈ దేశం నుంచి ధాన్యం ఓడల్లో ఎగుమతి అవుతూనే ఉంది. కరువు పనికి వచ్చే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి నిర్ణయించాడు. అది చాలదని మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. పౌను అంటే 450 గ్రాములు. నేను మా ఇంటి పక్క కొట్టులో తూయించి చూశాను, ఒక చిన్న గిన్నెకి సరిపోయింది. అది తిని పొద్దు గూకేదాకా గడ్డపార పట్టాలి!

ఆ పనుల్లో ఒకటి ఈ కాలువే. మద్రాసు నుంచి ఉత్తరానికి తవ్వడం 1806లోనే మొదలైంది, తర్వాత ముక్కలు ముక్కలుగా పెరిగింది. కరువు వచ్చాక ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించాలని దాన్ని ఇంకా పొడిగించారు. నగరంలో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్కని, అంటే సుమారు 8 కిలోమీటర్లు, 1877-78లోనే తవ్వారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. నేను రోజూ దాటే ముక్క ఇదే. ఉత్తరాన ఈ కాలువ నెల్లూరు, ఒంగోలు తీరం వెంబడి పెదగంజాం దాకా పోతుంది. అవ్వ చెప్పిన కాలవ, నేను ముక్కు మూసుకునే కాలువ ఒకటేనని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఒంగోలు దగ్గర సుమారు మూడు మైళ్ల కాలువ పనిని జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ కాంట్రాక్టు తీసుకున్నాడు. మావాళ్లు క్లౌ దొర అంటారు. ఆయన 1866లో ఒంగోలు వచ్చాడు. అంతకుముందు తన దేశంలో సర్వేయరు పని నేర్చుకున్నాడు, అది ఇక్కడ అక్కరకొచ్చింది. కాంట్రాక్టు ఎందుకంటే, వేరే చోట్ల మేస్త్రీలు బలహీనుల్ని తిట్టి కొట్టి, కూలి కూడా సరిగ్గా ఇవ్వడం లేదని జనం ఆయన దగ్గర మొరపెట్టుకున్నారు. ఆయన తన తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. గుడిసెలు వేయించాడు. వచ్చినవాళ్లలో తోలు పని చేసే మాదిగలు ఎక్కువ. దాచుకోవడం ఎందుకు, మేమూ వాళ్లమే.

మధ్యాహ్నం పని ఆపినప్పుడు బోధకులు వెళ్లి వాళ్ల మధ్య కూర్చునేవాళ్లు. మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో, బరువు మోసి అలసినవాళ్లని యేసు దగ్గరికి పిలిచే మాట ఉంది. దాన్నే మళ్లీ మళ్లీ చెప్పేవాళ్లట. నేను ఆ మాట ఆదివారం బడిలో వందసార్లు కంఠస్థం చెప్పి ఉంటాను. మట్టితట్ట ఇప్పుడే దించి కూర్చున్న మనిషి దాన్ని వింటే ఎలా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ మనిషికి అది ఉపమానం కాదు గదా. ఇంత చావు మధ్య, కలరా మధ్య, అంత అందమైన మాట ఒకటి వాళ్లకి దొరికింది.

పెళ్లిలో పెద్దాయనకి తెలియని సంగతి ఇప్పుడు చెబుతాను. కరువు సాగినన్నాళ్లూ, దాదాపు పదిహేను నెలలు, క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని, నిజంగా అలా ఎవరూ రాకూడదని ఆపేశాడు. 1878 జూన్‌లో, ఇక సాయం ఏమీ ఉండదని బోధకుల చేత చెప్పించాడు. అయినా జనం వచ్చారు. మాకు సాయం అక్కర్లేదు, పని చేసుకుని బతుకుతాం, చేతులకి కాసిన బొబ్బలే సాక్ష్యం అన్నారట. వచ్చే పంట కూడా పోతే చస్తాం, చచ్చేటప్పుడు క్రైస్తవులుగా చస్తాం అని అడిగారట.

1878 జూలై 3న ఒంగోలుకి ఉత్తరాన పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి ఇచ్చారు. జూన్ 15 నుంచి జూలై 31 దాకా లెక్క చూస్తే 8,691 మంది. ఆ 2,222 లెక్క చూసి మొదట నాకు సిగ్గేసింది. ఎనిమిది గంటలనుకుని భాగించి చూశాను, ఒక్కొక్కరికి అర నిమిషం కూడా రాదు. ఇదేం బాప్తిస్మం, క్యూలో రేషన్‌లాగా అనిపించింది. కానీ తర్వాత ఇంకోటి తోచింది. కరువులో ఎవరు లెక్కపెట్టినా వాళ్లని గుంపుగానే లెక్కపెట్టారు, ఇన్ని వేల కూలీలు, ఇన్ని లక్షల చావులు అని. నీళ్లలో మాత్రం ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని ముంచి లేపారు.

అలాగని పెద్దాయన మాట మొత్తం అబద్ధమని నేను రాయలేను. కరువు రాకపోతే అంతమంది వచ్చేవాళ్లు కాదేమో. కరువుకి ముందు కూడా నమ్మినవాళ్లు ఉన్నారు, తోళ్ల వ్యాపారం చేసిన ఎర్రగుంట్ల పేరయ్య 1866లోనే బాప్తిస్మం పొందాడు, పదేళ్లలో సంఘం సుమారు మూడు వేలకి పెరిగింది. కానీ ఒకేసారి వేలమంది రావడం కరువు తర్వాతే. కూలి ఇచ్చిన చేతులు, సువార్త చెప్పిన నోళ్లు ఒకే మనుషులవి. రెంటినీ విడదీసి చూడమంటే ఎలా? తిట్టకుండా పని చెప్పి, కూలి సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చినవాడి దేవుడు ఎవరో తెలుసుకోవాలనిపించడం తప్పని నేను అనుకోను. బియ్యం ఆగిపోయాక వచ్చారన్నది కూడా ఆ పెద్దాయన తన లెక్కలో వేసుకోవాలి.

నాకు ఇది అర్థం కావడానికి ఇంకో కారణం ఉంది. 2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుపానుకి ఈ కాలువ పొంగి మా వీధిలోకి వచ్చింది. మేం రెండు రాత్రులు చర్చి మేడ మీద ఉన్నాం. మా వీధిలో అన్ని మతాలవాళ్లూ అక్కడే ఉన్నారు. ఆడవాళ్లు గ్యాస్ పొయ్యి మీద ఉప్మా చేశారు. నువ్వెవరని ఎవరూ ఎవరినీ అడగలేదు. మర్నాడు ఆ తుపాను బాపట్ల దగ్గర, అంటే మా అవ్వ పుట్టిన తీరం పక్కనే ఒడ్డు దాటింది. కరెంటు లేని ఆ రాత్రి అవ్వ చీకట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఒకదాని తర్వాత ఒకటి పాడింది. పుస్తకం అక్కర్లేదు ఆమెకి. పక్కింటి మామి కూడా చేతులతో తాళం వేసింది.

వ్యాసం రాసి అవ్వకి చదివి వినిపించాను. 2,222 దగ్గర ఆపి ఇంకోసారి చదవమంది. మా తాతలు వాళ్లలో ఉన్నారా అని అడిగితే, "ఉంటే ఏంది, లేకపోతే ఏంది, తవ్వినోళ్లు మనోళ్లే" అంది. సాయంత్రం కాలువ చూపించమంది. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా దాన్ని ఆగి చూడలేదంట. వంతెన మీద గోడ పట్టుకుని నిలబడింది. అటూ ఇటూ చూసి వెడల్పు ఎన్ని బారలుంటుందో లెక్కేసింది. ఒక బారకి ఎన్ని తట్టలు లేస్తాయో నోట్లోనే కూడుకుంది. గట్టు వెంట చాలా దూరం చూసి, "ఎంత తిన్నగా తీసినారే!" అంది.

వాసన గురించి ఒక్క మాట కూడా అనలేదు. నేనే ముక్కు మీద నుంచి చెయ్యి తీశాను.